ఆపరేషన్ వల్ల పాకిందా, అంతకుముందే వెళ్లిపోయిందా? కణాల వంశవృక్షం చెప్పే సంగతులు

మీ ప్రశ్న ఇదీ: మూడేళ్ల కిందట మీ పెదనాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి, తర్వాత కీమో ఇచ్చారు. ఇప్పుడు సీటీ స్కాన్‌లో లివర్‌లో రెండు మచ్చలు కనబడ్డాయి. ముక్క తీసి చూసి, పేగులో ఉన్నదే ఇక్కడికి పాకిందన్నారు. "ఆనాడు కత్తి పెట్టనివ్వకపోతే ఇంతదాకా వచ్చేది కాదు" అని ఇంట్లో పెద్దవాళ్లు మీ అన్నయ్యను నిష్ఠూరమాడుతున్నారు, ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టింది ఆయనే కనక. కణాల వంశవృక్షం గీసి క్యాన్సర్ ఎప్పుడు బయల్దేరిందో, ఏ దారిన వెళ్లిందో చెబుతారని మీరు ఎక్కడో చదివారు. అది నిజమేనా, పెదనాన్నగారికి దానివల్ల ఏమైనా ఒరుగుతుందా అని అడిగారు.

సంతకం పెట్టిన మీ అన్నయ్య తప్పేమీ లేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. మిగతాదంతా పొడుగ్గా ఉంటుంది, ఎవరూ చివరిదాకా చదవకపోయినా ఈ ఒక్క మాటా ఆయనకు చేరాలి. లివర్‌లో ఇప్పుడు కనబడుతున్న మచ్చలకు మూలమైన కణాలు చాలామటుకు ఆపరేషన్‌కి ఎంతో ముందే, బహుశా పేగులో గడ్డ ఉందని ఎవరికీ తెలియని రోజుల్లోనే, అక్కడికి చేరి ఉంటాయి. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో వివరిస్తాను.

నేను వైద్యుణ్ణి కాను. కణితుల నుంచి తీసిన డీఎన్ఏ చదివి, అందులోని కణాల మధ్య చుట్టరికం తేల్చే పని ఏళ్లుగా చేస్తున్నాను. కాబట్టి ఏ మందు వాడాలో చెప్పను. చరిత్ర చెబుతాను, ఆ చరిత్రలో మీ డాక్టర్‌తో మాట్లాడటానికి పనికొచ్చేదేమిటో చెబుతాను.

ఒక గడ్డలోని కోట్ల కణాలన్నీ ఒకే ఒక్క కణం సంతతి. ఈ సంగతి డీఎన్ఏ చదవడం రాకముందే తేలింది. ఆడవాళ్ల కణాల్లో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పిండదశలోనే మూతపడుతుంది. ఏది మూతపడేదీ ఒక్కో కణంలో ఒక్కోలా ఉంటుంది, కానీ ఒకసారి మూతపడ్డాక ఆ కణానికి పుట్టిన సంతతి అంతా అదే పద్ధతిలో నడుస్తుంది. జీ6పీడీ అనే ఎంజైము రెండు రకాలుగా ఉన్న స్త్రీలను ఎంచుకుని చూస్తే, మామూలు కండలో రెండు రకాలూ కలిసి కనిపించాయి. గర్భసంచిలోని ఫైబ్రాయిడ్ గడ్డల్లో మాత్రం ఒక్కో గడ్డలో ఒకే రకం. 1965లో లిండర్, గార్ట్లర్ ఇది చూపించారు. రెండేళ్ల తర్వాత ఫియాల్కో బృందం దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లోనూ ఇదే చూసింది. 1976లో ఫిలడెల్ఫియాకు చెందిన పీటర్ నోవెల్ ఒక చిన్న వ్యాసంలో ఈ ఆలోచనను పూర్తిచేశాడు: ఒక కణంతో మొదలైన గడ్డలో తరతరానికీ కొత్త మార్పులు వస్తుంటాయి, వాటిలో నిలదొక్కుకోగలిగిన శాఖలే పెరుగుతాయి, అందుకే గడ్డ కాలంతో పాటు మొండిదవుతుంది. ఇవాళ మేము చేసే పనంతా ఆ వ్యాసానికి వివరాలు పూరించడమే అంటాను.

వంశవృక్షం గీయడం ఎలా కుదురుతుందో చెప్పడానికి నాకు సీపీ బ్రౌన్ దొర గుర్తొస్తాడు. కడపలో పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని, ఒకే కావ్యానికి దొరికిన తాళపత్ర ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి పాఠాలు పోల్పించాడాయన. రెండు ప్రతుల్లో ఒకేచోట ఒకే లేఖక దోషం ఉంటే ఆ రెండూ ఒకే మాతృక చూసి రాసినవన్నమాట. ఆ దోషం లేని ప్రతి వేరే కొమ్మ. కణం విభజన చెందినప్పుడల్లా డీఎన్ఏకి నకలు తీస్తుంది. తల్లి నుంచి 300 కోట్లు, తండ్రి నుంచి 300 కోట్లు, మొత్తం 600 కోట్ల అక్షరాలు. ఎంత జాగ్రత్తగా సరిచూసుకున్నా ఏదో ఒకటీ అరా తప్పు మిగిలిపోతుంది. ఆ తప్పు, అంటే మ్యుటేషన్, ఆ కణం పిల్లలకూ మనవలకూ తప్పకుండా సంక్రమిస్తుంది.

పెద్దపేగు లోపలి పొరలో ఉండే మూలకణాలను ఒక్కొక్కటిగా చదివిన బ్రిటన్ పరిశోధకులు 2019లో తేల్చినదేమిటంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఒక్కో కణం ఏడాదికి సుమారు 40 కొత్త మార్పులు పోగుచేసుకుంటుంది. అరవై ఏళ్ల మనిషి పేగులో ఏ కణాన్ని తీసినా రెండు వేలకు పైగా ఉంటాయి. దాదాపు అన్నీ నిరపాయకరమైనవే. కానీ మాకు అపాయకరమైనవి ఎంత ముఖ్యమో నిరపాయకరమైనవీ అంతే ముఖ్యం, చుట్టరికం తెలిపేవి అవే.

గడ్డలో నాలుగైదు చోట్ల నుంచి, లింఫ్ నోడ్ల (చుట్టుపక్కల ఉండే చిన్న రోగనిరోధక గ్రంథుల) నుంచి, లివర్ నుంచి ముక్కలు తీసి డీఎన్ఏ చదివితే కొన్ని మార్పులు అన్ని ముక్కల్లోనూ ఉంటాయి. అవి కాండం. కొన్ని రెండు మూడు ముక్కల్లోనే ఉంటాయి, అవి కొమ్మలు. పెద్దపేగు క్యాన్సర్‌లో కాండంలో దాదాపు ఎప్పుడూ కనిపించేది ఏపీసీ అనే జన్యువు దెబ్బతినడం. చిన్న పాలిప్ (పేగు లోపలి పొర మీద లేచే బుడిపె) దగ్గరే ఇది జరుగుతుంది. తర్వాత కేరాస్, ఆ తర్వాత టీపీ53 వగైరా జన్యువుల్లో మార్పులు చేరతాయని 1990లోనే ఫియరన్, వోగెల్‌స్టీన్ వరుస చెప్పారు. ఈ మెట్ల మధ్య ఎంత కాలం పడుతుందో 2008లో వోగెల్‌స్టీన్ బృందం లెక్కకట్టింది: పెద్ద పాలిప్ ముదిరిన క్యాన్సర్ కావడానికి సుమారు 17 ఏళ్లు, ఆ క్యాన్సర్ కణాలకు పాకే శక్తి రావడానికి రెండేళ్ల లోపు. అంటే ఆలస్యమంతా మొదట్లోనే. ఒకసారి క్యాన్సర్ అయ్యాక పాకడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. లివర్ సెకండరీస్‌లో (అంటే అక్కడికి పాకిన గడ్డల్లో) ఉన్న ముఖ్యమైన జన్యు మార్పులన్నీ చాలావరకు పేగు గడ్డలో ముందే ఉన్నవే.

వేరే అవయవాల్లో గడియారం వేరుగా తిరుగుతుంది. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనబడే రకంలో మూడో క్రోమోజోము పొట్టిచేయి ఊడిపోవడమే మొదటి దెబ్బ. అది చాలామందిలో చిన్నతనంలోనో టీనేజీలోనో జరిగి, జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుందని 2018లో లెక్కగట్టారు. అరవైలలో బయటపడిన జబ్బు బీజం స్కూలు రోజుల్లో పడిందన్నమాట. నేనీ రంగంలో చదివిన ఫలితాల్లో నన్ను బాగా కదిలించినవాటిలో ఇదొకటి. "నేనేం తప్పు చేశాను" అని కుమిలిపోయే రోగులకు ఇది చెప్పాలనిపిస్తుంది.

ఇక మీ ఇంట్లో జరుగుతున్న వాదన. లివర్ గడ్డకు మూలమైన కణం పేగును ఎప్పుడు వదిలిందో ఎలా తెలుస్తుంది? ఆ కణం బయల్దేరేనాటికి తనలో పోగుచేసుకున్న మార్పులన్నీ, దాని సంతతి కనక, లివర్ గడ్డలోని ప్రతి కణంలోనూ ఉంటాయి. పేగులో చాలాకాలం ఉండి ఆలస్యంగా బయల్దేరితే, పేగు గడ్డలో అంతటా కనబడకుండా లివర్ గడ్డలో మాత్రం అంతటా ఉండే మార్పుల సంఖ్య పెద్దదవుతుంది. తొందరగా బయల్దేరితే ఆ సంఖ్య చిన్నది. ఈ సూత్రం మీద కంప్యూటర్ నమూనాలు కట్టి, స్టాన్‌ఫర్డ్‌లోని క్రిస్టినా కర్టిస్ బృందం 2019లో పెద్దపేగు నుంచి లివర్‌కో మెదడుకో పాకిన రోగుల గడ్డల్ని పరిశీలించింది. లెక్క తేలిన 21 మందిలో 17 మందికి, పేగు గడ్డ ఇంకా ఏ పరీక్షకూ దొరకని పరిమాణంలో ఉన్నప్పుడే పాకే కణం వెళ్లిపోయింది. ఆ పరిమాణం ఎంత? ఘన సెంటీమీటరులో నూరో వంతు కన్నా తక్కువ. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోటి రెండు మిల్లీమీటర్లు అనుకోండి. ఆ దశలో కడుపునొప్పి ఉండదు, మలంలో రక్తం ఉండదు, స్కాన్‌లో మచ్చా ఉండదు.

అలా వెళ్లినవి మరి మూడేళ్ల కిందటి స్కాన్‌లో ఎందుకు కనబడలేదని మీ పెద్దవాళ్లు అడుగుతారు. స్కాన్‌లో తేలాలంటే కొన్ని మిల్లీమీటర్లైనా ఉండాలి, ఆ మచ్చలో అప్పటికే కణాలు లక్షలూ కోట్లలో ఉంటాయి. పేగు నుంచి బయల్దేరిన రక్తమంతా పోర్టల్ సిర ద్వారా సరాసరి లివర్‌లోకి పోతుంది, కాబట్టి అక్కడ చిక్కుకునే కణాలు ఎక్కువ. చిక్కుకున్నవాటిలో బతికేవి అతి కొద్ది. ఎలుకల రక్తంలోకి క్యాన్సర్ కణాల్ని ఎక్కించి ఐజయా ఫిడ్లర్ 1970లో చేసిన ప్రయోగంలో రెండు వారాల తర్వాత మిగిలినవి వెయ్యింటికి ఒకటి. ఆ మిగిలిన ఒకటీ నెలలో, ఏళ్లో కదలక మెదలక ఉండి తర్వాత పెరగవచ్చు. ఆపరేషన్ తర్వాత కీమో ఇచ్చేదే ఇలా కంటికి కనబడకుండా మిగిలినవాటి కోసం. మీ పెదనాన్నగారి విషయంలో అది కొన్నిటిని చంపి, కొన్నిటిని చంపలేకపోయిందనుకోవాలి.

ఆపరేషన్‌లో గడ్డను కదిలిస్తే కణాలు రక్తంలోకి జారతాయన్న భయం సర్జన్లకూ లేకపోలేదు. అందుకే గడ్డను ముట్టుకోకముందే రక్తనాళాలను కట్టేసే పద్ధతిని అమెరికాలో టర్న్‌బుల్ అనే సర్జన్ 1960లలో ప్రచారం చేశాడు. అది నిజంగా మేలు చేస్తుందా అని జపాన్‌లో ఎనిమిది వందలకు పైగా పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద పెద్ద ట్రయల్ పెట్టి పరీక్షించారు. ముందు నాళాలు కట్టిన వాళ్లకూ, మామూలు పద్ధతిలో చేసిన వాళ్లకూ మూడేళ్ల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వంశవృక్షం చెప్పినదానికి ఇది సరిపోతోంది: వెళ్లాల్సినవి అప్పటికే వెళ్లిపోయాయి. కొన్ని జబ్బుల్లో మాత్రం జాగ్రత్త అవసరమే. వృషణాల గడ్డకి తిత్తి మీద కోత పెట్టరు, గజ్జల నుంచి తీస్తారు. సార్కోమాకి (కండ, ఎముక వంటివాటిలో పుట్టే క్యాన్సర్) బయాప్సీ సూది ఏ దారిన పోవాలో ముందే ఆలోచిస్తారు. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్‌లో సూది దారిలో కణాలు నాటుకోవడం అరుదుగా జరుగుతుంది. ఆ జాగ్రత్తలు డాక్టర్లకు తెలిసినవే. అంతేగాని గాలి తగిలితే పాకుతుంది, కత్తి తగిలితే విజృంభిస్తుంది అన్న మాట నమ్మి గడ్డను లోపలే వదిలేసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. పేగుకు అడ్డం పడి, రక్తం పోయి, చివరికి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చేది వాళ్లకే. దయచేసి ఈ మాట మీ ఇంట్లో గట్టిగా చెప్పండి.

కాలం తెలుసుకోవడానికి ఇంకో ఆధారం కూడా ఉంది. కొన్ని మందులు డీఎన్ఏ మీద తమ ముద్ర వేసిపోతాయి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ వదిలే మార్పుల తీరు వేరు, ఐదు-ఎఫ్‌యూ వదిలే తీరు వేరు. జన్యుపదార్థం మొత్తం చదివినప్పుడు లివర్ గడ్డలోని ప్రతి కణంలోనూ ఆ ముద్ర ఉందనుకోండి, ఆ గడ్డ మొత్తానికి తల్లి అయిన కణం కీమోను తట్టుకుని బతికిందని అర్థం. కీమో నాటికి అక్కడ ఒకటికన్నా ఎక్కువ కణాలున్నా, ఈ మచ్చను పెంచింది మాత్రం బతికి బయటపడ్డ ఆ ఒక్కటే.

దారి గురించి. పేగు నుంచి ముందు లింఫ్ నోడ్లకు, అక్కడి నుంచి లివర్‌కి అని మెట్లు మెట్లుగా పాకుతుందని చాలాకాలం అనుకున్నారు. బోస్టన్‌లో కమిలా నక్సెరోవా, సహచరులు 2017లో 17 మంది రోగుల నుంచి 213 ముక్కలు తీసి, డీఎన్ఏలో జీ అక్షరం వరుసగా వచ్చే చోట్లను పోల్చారు. అలాంటి చోట నకలు తీసేటప్పుడు లెక్క తప్పడం ఎక్కువ, అందుకే చుట్టరికం తేల్చడానికి చవకైన, నమ్మకమైన గుర్తు. ఫలితం: 65 శాతం మందిలో లింఫ్ నోడ్‌లోని గడ్డ, లివర్ వంటి దూరపు చోటి గడ్డ పేగు గడ్డలోని వేర్వేరు కొమ్మల నుంచి విడివిడిగా బయల్దేరాయి. 35 శాతం మందిలోనే రెండింటికీ ఒకే మూలం. "నోడ్లన్నీ క్లియర్ అన్నారు కదా, లివర్‌కి ఎలా వచ్చింది" అని అడిగేవారికి సమాధానం ఇందులో ఉంది. నోడ్లలో ఉందంటే జబ్బు స్వభావం కాస్త ముదురు అన్న సూచన, అది ఇప్పటికీ పనికొచ్చే సూచనే. కానీ లివర్‌కి పోయే ప్రతి కణమూ నోడ్ మీదుగా పోనక్కర్లేదు.

ప్రోస్టేట్‌లో ఇంకోలా ఉంటుంది. 2015లో పది మంది రోగులను లోతుగా చూస్తే, ఐదుగురిలో ఒకే సెకండరీ గడ్డలో ఒకటికి మించిన శాఖల కణాలు వచ్చి చేరాయని, ఒక సెకండరీ నుంచి ఇంకో సెకండరీకి కణాలు వలస వెళ్లాయని తేలింది. మూల గడ్డ నుంచి మాత్రమే పాకుతుందన్న లెక్క అక్కడ కుదరదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనుషుల గడ్డల్లో సహజంగా పడిన గుర్తులు చదివి చేసినవి. అవి సన్నగా ఉంటాయి. ఒక విభజనకు ఒకటో రెండో గుర్తులు, అవీ 600 కోట్ల అక్షరాల్లో ఎక్కడో. ఒక్కో కణాన్నీ విడిగా చదివి, ప్రతి విభజననూ పట్టుకోవాలంటే చాలవు. నన్ను ఈ రంగంలో కట్టిపడేసింది ఇక్కడి నుంచి జరిగిన కథ.

కణాల వంశవృక్షాన్ని మొట్టమొదట సంపూర్ణంగా గీసినవాడు జాన్ సల్స్టన్. ఒక మిల్లీమీటరు పొడవుండే పారదర్శకమైన పురుగును మైక్రోస్కోపు కింద పెట్టుకుని, రోజుల తరబడి చూస్తూ, ఏ కణం ఎప్పుడు రెండైందో చేత్తో గీసుకున్నాడు. ఎదిగిన ద్విలింగ పురుగులో 959 శరీర కణాలు, ప్రతిదానికీ వంశావళి 1983 నాటికి పూర్తయింది. 2002లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. ఎలుక ఊపిరితిత్తిలో పెరిగే గడ్డను అలా కూర్చుని చూడలేం. కాబట్టి కణమే తన చరిత్రను తానే రాసుకునేలా చేయాలి.

డీఎన్ఏను కోరుకున్నచోట కత్తిరించే క్రిస్పర్ అనే సాధనం వచ్చాక అది సాధ్యమైంది. కణం డీఎన్ఏలో ఏ పనీ చేయని ఒక పొడుగాటి ఖాళీ వరుసను ముందే చేరుస్తారు. దాన్ని అక్కడక్కడా కత్తిరించే క్యాస్9 ఎంజైమును నెమ్మదిగా పనిచేసేలా అమరుస్తారు. కత్తిరించిన ప్రతిసారీ కణం అతుకు వేసుకుంటుంది, అతుకులో రెండు మూడు అక్షరాలు పోవడమో, కొత్తవి చేరడమో జరుగుతుంది. ఒకసారి మారిన చోటు మళ్లీ కత్తిరింపుకు లొంగదు, కాబట్టి గుర్తు శాశ్వతం. ఆ గుర్తు సంతతికి వెళ్తుంది, సంతతిలో ఇంకోచోట ఇంకో గుర్తు పడుతుంది. 2016లో జీబ్రాచేప మీద జే షెండూర్, అలెక్స్ షియర్ బృందాలు దీన్ని చేసి చూపాయి. తర్వాత వచ్చిన మెరుగు ఏమిటంటే, ఈ వరుసను ఆర్ఎన్ఏగా (పనిచేస్తున్న జన్యువుల నుంచి కణం తీసుకునే నకలుగా) కూడా బయటికి వచ్చేలా చేయడం. ఒక్కో కణంలోని ఆర్ఎన్ఏను చదివినప్పుడు ఆ కణం ఎవరి బిడ్డో తెలుస్తుంది, ఇప్పుడు అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో కూడా తెలుస్తుంది. వంశమూ స్వభావమూ ఒకే చదువులో దొరకడం అసలైన ముందడుగు.

జొనాథన్ వైస్‌మన్ బృందం 2021లో మనిషి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఈ రికార్డరు పెట్టి, వాటిని ఎలుకల ఎడమ ఊపిరితిత్తిలో నాటింది. నెలల తర్వాత ఊపిరితిత్తుల్లో, లివర్‌లో, ఛాతీ మధ్య లింఫ్ కణజాలంలో దొరికిన పదుల వేల కణాల వంశవృక్షాలు గీసింది. ఒకే డబ్బాలో పెంచిన ఒకే రకం కణాలవి. అయినా కొన్నిటి సంతతి నాటిన చోటే ఉండిపోయింది, కొన్నిటి సంతతి ఒళ్లంతా తిరిగింది. ఆ తేడా ఎలుకలోకి వెళ్లకముందే కణాల్లో ఉంది, తరతరాలకూ సంక్రమించింది. అదీ అక్షరదోషాల వల్ల కాదు, ఏ జన్యువులు ఎంత గట్టిగా పనిచేస్తున్నాయన్న తేడా వల్ల. కేఆర్‌టీ17 అనే జన్యువు పాకడాన్ని అణిచిపెడుతుందని ఆ వృక్షాల్లోంచే బయటపడింది, దాన్ని ఎవరూ ముందుగా అనుమానించలేదు. దారులు కూడా ఒకవైపువి కావు. వెళ్లినచోటు నుంచి మళ్లీ మొదటిచోటుకి తిరిగొచ్చిన కణాలూ ఉన్నాయి.

2022లో వైస్‌మన్, టైలర్ జాక్స్ బృందాలు ఇంకో అడుగు వేశాయి. కణాలను నాటకుండా, ఎలుక సొంత ఊపిరితిత్తిలో కేరాస్‌ను రగిలించి, పీ53ను (ముందు చెప్పిన టీపీ53నే) తీసేసి, ఒకే కణం నుంచి గడ్డ పుట్టి పాకేదాకా రికార్డు చేశారు. మొదట్లో కణాలు తాము పుట్టిన ఊపిరితిత్తి కణాల తీరులోనే నిలకడగా ఉంటాయి. తర్వాత ఆ తీరు వదిలేసి, కొంతకాలం ఏ తీరుకీ కట్టుబడకుండా అటూ ఇటూ మారుతుంటాయి. అందులోంచి ఒకటి రెండు శాఖలు కొత్త నిలకడ సంపాదించి, మిగతావాటిని మింగేసి పెరుగుతాయి. పాకేవి ఆ శాఖలే. నా ఉద్దేశంలో మందు పనిచేయడానికి అనువైన సమయం ఆ మధ్యలో ఉన్న అస్థిర దశ కావచ్చు, కానీ మనుషుల్లో ఆ దశను పట్టుకునే పరీక్ష ఇంకా చేతికి రాలేదు.

ఎలుకల్లో చూసినదంతా మనుషులకు వర్తించదు. 2021 ప్రయోగంలోని ఎలుకలకు రోగనిరోధక శక్తి లేదు. రోగి ఒంట్లోని కణాల్లో రికార్డరు పెట్టలేం కనక సహజ గుర్తులతోనే సర్దుకోవాలి. ఆ గుర్తులు ఎంత జాగ్రత్తగా చదవాలో 2012లో లండన్‌లో గెర్లింగర్, స్వాంటన్ బృందం చూపింది. కిడ్నీ గడ్డలో వేర్వేరు చోట్ల ముక్కలు తీసి చదివితే, మార్పుల్లో 63 నుంచి 69 శాతం అన్ని ముక్కల్లోనూ లేవు. ఒక్క ముక్క చదివి గడ్డ కథంతా తెలిసిందనుకుంటే పొరపాటు. క్రోమోజోము ముక్క ఊడిపోతే దానిమీది పాత గుర్తులూ పోతాయి, అప్పుడు దగ్గరి చుట్టం దూరపు చుట్టంలా కనబడుతుంది. రెండే ముక్కలతో గీసిన వృక్షాన్ని రిపోర్టులో రంగుల బొమ్మగా వేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ బొమ్మ కోసం డబ్బు పెట్టకండి.

మరి వృక్షం వల్ల రోగికి ఏం లాభం? మందు కొన్నాళ్లకు పనిచేయడం ఎందుకు మానేస్తుందో అర్థమైంది, అది చిన్న లాభం కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో లెడర్లీ మందుల కంపెనీలో తయారైన ఫోలిక్ ఆమ్ల విరోధి అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1948లో ల్యుకేమియా పిల్లలకిచ్చాడు. 16 మందిలో పదిమందికి జబ్బు వెనక్కి తగ్గింది, అప్పటిదాకా ఎవరూ చూడని సంగతది. కానీ కొన్ని నెలలకే తిరగబెట్టింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌కి కణాలు ఎలా లొంగకుండా పోతాయో 1978లో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కే బృందం కనుక్కుంది: మందు అడ్డుకునే ఎంజైము జన్యువుకి ఆ కణాలు నకళ్ల మీద నకళ్లు పెంచేసుకున్నాయి. అలాంటి శాఖ మిగిలితే చాలు, మళ్లీ పెరుగుతుంది. పిల్లల ల్యుకేమియాకి ఇవాళ నాలుగైదు మందులు కలిపి ఇవ్వడం వెనుక ఉన్న తర్కం ఇదే, ఒక మందును తప్పించుకున్న కణం ఇంకోదానికి దొరుకుతుంది.

పెద్దపేగులోనూ ఇదే ఆట. కేరాస్ మామూలుగా ఉన్న గడ్డలకు సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు పనిచేస్తాయి, కొన్ని నెలలకు మానేస్తాయి. 2012లో పానిటుముమాబ్ తీసుకుంటున్న 24 మంది రక్తాన్ని వరుసగా పరీక్షిస్తే, తొమ్మిది మందిలో అయిదారు నెలల్లో కేరాస్ మారిన డీఎన్ఏ బయటపడింది. ఆ కణాలు మందు మొదలుపెట్టకముందే గడ్డలో చిన్న శాఖగా ఉన్నాయని లెక్కలు చెప్పాయి. మందు ఆపేస్తే ఆ శాఖ మెల్లగా తగ్గిపోతుంది. దాన్ని ఆసరా చేసుకుని ఇటలీలో ఒక ట్రయల్ చేశారు, 2022లో ఫలితాలు వచ్చాయి: రక్తంలో లొంగని శాఖల గుర్తులు పోయాయని చూసుకుని అదే జాతి మందును మళ్లీ ఇస్తే 27 మందిలో ఎనిమిది మందికి గడ్డలు తగ్గాయి. వంశవృక్షం ఆలోచన నేరుగా మందు చీటీ దాకా వచ్చిన సందర్భమిది.

కాండంలోని మార్పులు తెలిస్తే రక్తంలో వాటి ఆనవాళ్లు వెతకవచ్చు కూడా. ఆస్ట్రేలియాలో రెండో దశ పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఆపరేషన్ తర్వాత ఇలా రక్తం చూసి కీమో ఇవ్వాలా వద్దా తేల్చారు. కీమో తీసుకున్నవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు. 2022లో వచ్చిన ఈ ఫలితం మీ పెదనాన్నగారి దశకు నేరుగా వర్తించదు, లివర్ సంగతి తేలాక ఫాలో-అప్‌లో ఇలాంటి పరీక్ష ఉపయోగమా అని అడగవచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పూర్తి వంశవృక్షం పెదనాన్నగారికి అక్కర్లేదు, కాండంలో ఏముందో తెలిస్తే చాలు. కేరాస్, ఎన్‌రాస్, బీరాఫ్ జన్యువుల పరీక్షలు, ఎంఎస్ఐ లేదా ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్ఏ నకలులో తప్పులు సరిదిద్దే ఏర్పాటు చెడిందేమో చూసేది) చేశారా అని అడగండి. ఎంఎస్ఐ ఎక్కువగా ఉంటే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం) బాగా పనిచేసే అవకాశం ఉంది, కాబట్టి అది తప్పనిసరి. కేరాస్ కాండంలోనిదే అయ్యుంటుంది కనక పాత పేగు ముక్క మీద చేసినా చాలామటుకు సరిపోతుంది. మచ్చలు రెండే అంటున్నారు కాబట్టి అన్నిటికన్నా ముందు అడగాల్సింది లివర్ సర్జన్ చూశారా అని. పెద్దపేగు నుంచి లివర్‌కి పాకిన కొద్దిపాటి మచ్చలను కోసి తీసేస్తే ఏళ్ల తరబడి జబ్బు లేకుండా బతికినవాళ్లు ఉన్నారు, కొందరికి పూర్తిగా నయమవుతుంది కూడా. ఇక్కడ మళ్లీ కత్తి మాట వస్తుంది, ఇంట్లో మళ్లీ అదే వాదన వస్తుంది. మీ అన్నయ్య ఒక్కరినే సంతకానికి ముందుకు తోయకండి. సర్జన్, కీమో డాక్టర్, రేడియాలజిస్ట్ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డుకి కేసు పెట్టమని అడిగి, ఆ రోజు మాట్లాడటానికి పెద్దవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.

ఇంకొకటి. మూడేళ్ల కిందటి పేగు ముక్క మైనంలో పోసిన బ్లాక్‌గా ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబ్‌లో ఉండాలి. ల్యాబ్‌లు వాటిని ఎల్లకాలం దాచవు. ఈ వారంలోనే రాతపూర్వకంగా అడిగి, పాథాలజీ నంబరు చూసుకుని బ్లాక్, స్లైడ్లు తెప్పించుకోండి. బ్లాక్ ఎండలోనూ వేడిలోనూ పెట్టకండి, కారు డిక్కీలో అసలే వద్దు.